వేబ్రిడ్జి స్లిప్పు నుంచి డ్రమ్ము దాకా: మా ఆఫీసు ఫైళ్లు సర్దుతున్న డైరీ

జనవరి 5, సోమవారం

చిత్తూరు ఊరి బయట ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రికార్డులు చూసుకునే పని నాది. పోయిన నెల దామలచెరువు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. 2025 సీజన్‌లో మాకు తోలిన తోతాపురి కాయకు వేబ్రిడ్జి స్లిప్పు, అంటే బండిని తూచి ఇచ్చే చీటీ, కావాలన్నాడు. ఆయన దగ్గరున్న స్లిప్పు మీద అక్షరాలు మాసిపోయాయి, అంకెలు కనబడటం లేదు. ఆ సీజన్‌లో తోతాపురికి కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా నిర్ణయం అయింది. ఎవరు ఎన్ని కిలోలు తోలారో తేల్చే కాగితం ఆ స్లిప్పే.

మా ఆఫీసు ఫైళ్లన్నీ ఆన్‌లైన్‌లో దాచుకునే షేర్‌పాయింట్ తెరిచి 'చిత్తూరు జిల్లా' ఫోల్డర్‌లో వెతికాను, లేదు. 'తిరుపతి జిల్లా'లో లేదు. 'పాత స్లిప్పులు'లో లేదు. ఆఖరికి 'పాత స్లిప్పులు కొత్తవి' అనే ఫోల్డర్‌లో దొరికింది. యాభై నిమిషాలు పట్టింది. ఆయన బెంచీ మీద కూర్చొని మధ్యలో ఒకసారి, "దొరక్కపోతే రేపొస్తా లేమ్మా" అన్నాడు. ఆయన రావడానికీ పోవడానికీ ఒక పూట, బస్సు ఛార్జీ. మా ఫోల్డర్ల గందరగోళానికి ఆయన ఎందుకు కట్టాలి? ఆ రోజు నుంచీ ఇదే మనసులో తిరుగుతోంది.

ఈ రోజు మేనేజర్ సారుతో మాట్లాడాను. "తోటలు పూత మీదున్నప్పుడే ముగించమ్మా. కాయ దిగడం మొదలైతే నీకూ తీరికుండదు, నాకూ ఉండదు" అన్నారు. నెలాఖరు దాకా గడువు. మొత్తం ఒకే లైబ్రరీ (షేర్‌పాయింట్‌లో ఫోల్డర్లన్నీ ఉండే పెద్ద అర), 16 వేలకు పైగా ఫైళ్లు, 2018 నుంచి ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టిన ఫోల్డర్లు.

జనవరి 7, బుధవారం

రెండు రోజులుగా ఒక్క ఫైలు కూడా కదపలేదు. ఎవరు ఏ ఫైలును ఏ దారిలో తెరుస్తున్నారో పక్కన కూర్చొని చూశాను. ఈ పనిలో ఇదే ముఖ్యమని ఇప్పుడు నమ్ముతున్నాను.

వేబ్రిడ్జి దగ్గరుండే అన్న బ్రౌజర్‌లో నక్షత్రం గుర్తు నొక్కి బుక్‌మార్క్‌తో నేరుగా లోపలికి పోతాడు. "నేను ఈ చుక్క నొక్కతానమ్మా, ఆడికే పోతాది. మీరు మార్చినారంటే నాకు దావ తెలీదు" అన్నాడు. ల్యాబ్ మేడమ్ అసలు బ్రౌజరే తెరవరు. ఆమె కంప్యూటర్‌లో సింక్ అయిన, అంటే షేర్‌పాయింట్‌తో జతపడి ఉండే ఫోల్డర్ ఉంది, మామూలు ఫోల్డర్ లాగానే తెరిచి పని చేసుకుంటారు. అకౌంట్స్ అక్క రోజంతా ఒకే ఎక్సెల్ షీట్ తెరిచి ఉంచుతుంది. ఆ షీట్ వెనకాల ఇంకో ఆరు షీట్లకు లింకులు ఉన్నాయి, అవి ఎక్కడున్నాయో ఆమెకూ తెలియదు. మేనేజర్ సారు వాట్సాప్‌లో ఎప్పుడో వచ్చిన లింకును పైకి జరిపి జరిపి వెతుక్కొని నొక్కుతారు.

ఫైలు ఒకటే, దానికి వాకిళ్లు నాలుగు. నేను దాన్ని జరిపితే ఏ వాకిలి మూతపడుతుందో ముందే తెలియాలి. నోటుబుక్కులో నాలుగు గళ్లు గీసి, ముఖ్యమైన ఫోల్డర్లన్నిటికీ పక్కన వాటిని వాడే మనుషులను రాసుకున్నాను.

జనవరి 8, గురువారం

'ప్రయోగం' అని ఒక ఫోల్డర్ పెట్టి, ఇరవై ఫైళ్ల నకళ్లతో ఆడి చూశాను. అందులో తేలింది రాసుకుంటున్నాను.

లైబ్రరీ లోపలే ఫైలును ఎంచుకొని పైన 'మూవ్ టు' నొక్కితే ఫైలుతో పాటు దాని వెర్షన్ హిస్టరీ, అంటే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే పాత ప్రతుల వరస, మొత్తం కదులుతుంది. 'కాపీ టు' అయితే చివరి వెర్షన్ ఒక్కటే వస్తుంది. వెనకటివి పాత చోటే ఉండిపోతాయి. కాపీ చేసి, బాగానే వచ్చింది కదా అని పాతది తీసేస్తే ఆ చరిత్ర కూడా పోయినట్టే.

ఇంకోటి, దీని వల్లే ఎక్కువ నష్టం జరుగుతుందని నా భయం. సింక్ అయిన ఫోల్డర్‌లో నుంచి వేరే లైబ్రరీ ఫోల్డర్‌లోకి మౌస్‌తో లాగి వేస్తే, అవతల అది కొత్త ఫైలుగా ఎక్కుతుంది. వెర్షన్ 1.0 నుంచి మొదలు. చూడటానికి అంతా సరిగ్గానే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

వెర్షన్లు ఎందుకంత ముఖ్యం అని ల్యాబ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి అడిగాడు. అతనికి ఒక బ్యాచ్ కార్డు తెరిచి చూపించాను. తోతాపురి గుజ్జు, సంచిలో నింపి డ్రమ్ములో పెట్టినది, డ్రమ్ముకు 215 కిలోలు. బ్రిక్స్, అంటే గుజ్జులో తీపి ఎంతుందో చెప్పే కొలత, మొదట 13.8 అని రాసి ఉంది. కొనేవాళ్లు సాధారణంగా 14కు తగ్గకూడదంటారు. తరువాతి వెర్షన్‌లో అది 14.3 అయింది. కార్డు ఒక్కటే చూసేవాళ్లకు ఇది దిద్దినట్టు కనబడుతుంది. వెర్షన్ హిస్టరీ తెరిస్తే సాయంత్రం 6:40కి ల్యాబ్ మేడమ్ రెండోసారి శాంపిల్ తీసి పరీక్షించి, పరికరం ముందుగా సున్నాకు సరిచేయలేదని పక్కన రాసి, అంకె మార్చారని తెలుస్తుంది. ఆ డ్రమ్ములు ఏడాదికి పైగా నిల్వ ఉంటాయి. చెన్నై పోర్టు దాటి ఎక్కడో దించిన తరువాత ఎవరైనా అడిగితే మేడమ్ నిజాయితీకి సాక్ష్యం ఆ ఒక్క వరసే. నేను కాపీ చేసి పాతది తీసేస్తే ఆ సాక్ష్యాన్ని నా చేతులతో చెరిపినట్టే.

అబ్బాయి ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం మౌస్ మీద చిన్న కాగితం అంటించుకొని ఉన్నాడు: 'లాగొద్దు'.

జనవరి 9, శుక్రవారం

పేర్ల సంగతి. మా ఫోల్డర్ల పేర్లు తెలుగులో ఉన్నాయి, అలాగే ఉండాలని నా పట్టుదల. వేబ్రిడ్జి అన్నకూ ర్యాంపుల (కాయ దించి కొనే చోట్ల) దగ్గర రాసుకునే వాళ్లకూ అదే వీలు. కానీ లోతు ఎక్కువైపోయింది. జిల్లా, మండలం, ర్యాంపు, సీజన్, రకం, నెల, వారం, ఆ తరువాత రైతు పేరుతో ఫైలు.

షేర్‌పాయింట్‌లో ఫోల్డర్ల పేర్లూ ఫైలు పేరూ కలిపి మొత్తం దారి 400 అక్షరాలు దాటకూడదు. ఇక్కడ అక్షరమంటే మనం బడిలో లెక్కపెట్టే అక్షరం కాదు. 'చిత్తూరు' కంటికి మూడే. కంప్యూటర్ లెక్కలో చ, దాని గుడి, త, పొల్లు, మళ్లీ త, దీర్ఘపు కొమ్ము, ర, కొమ్ము, మొత్తం ఎనిమిది. వాట్సాప్‌లో అంటించినప్పుడు లింకు అర గజం పొడుగు కనబడటానికి కారణం వేరే. అక్కడ ఆ ఎనిమిదిలో ఒక్కొక్కటీ శాతం గుర్తులతో తొమ్మిదేసి గుర్తులుగా మారి 72 అవుతుంది. అదృష్టం కొద్దీ 400 లెక్క ఎనిమిదికే గానీ 72కు కాదు. అయినా ఎక్సెల్‌తో ఇంకో చిక్కుంది, దారి 218 దాటితే అది ఫైలు తెరవదు. మా దగ్గర అలా తెరుచుకోని షీట్లు తొమ్మిది దొరికాయి. అవి పాడైపోయాయనుకొని ఇన్నాళ్లూ పక్కన పెట్టేశారు.

జనవరి 10, శనివారం

జిల్లా ఫోల్డర్ల గురించి ఈ రోజంతా ఆలోచించాను. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి చిత్తూరు జిల్లా విడిపోయింది. పాకాల మండలం తిరుపతి జిల్లాలోకి పోయింది, దామలచెరువు ఆ మండలంలోదే. బంగారుపాళ్యం చిత్తూరులోనే ఉంది. మా వాళ్లలో కొందరు ఆ రోజు నుంచే 'తిరుపతి జిల్లా' అని కొత్త ఫోల్డర్ పెట్టారు, కొందరు అలవాటు కొద్దీ పాతదాంట్లోనే వేస్తూ పోయారు. ఒకే రైతు 2021 స్లిప్పు ఒక జిల్లాలో, 2023 స్లిప్పులు రెండు జిల్లాల్లో.

మొదట నా ప్లాన్ ఏమిటంటే, పాకాల మండలం ఫైళ్లన్నీ తిరుపతి ఫోల్డర్‌లోకి జరపడం. రాత్రి భోజనం దగ్గర మా అమ్మతో చెబితే, "ఊరు ఆడనే ఉంది కదా, పేరే కదా మారింది" అంది. నిజమే. రేపు ఇంకోసారి గీతలు మారితే మళ్లీ వేల ఫైళ్లు జరపాలా?

కాబట్టి దారిలో నుంచి జిల్లాను తీసేస్తున్నాను. జిల్లా, మండలం, ఊరు, సీజన్, టోకెన్ నంబరు, కాయ రకం, ఇవన్నీ కాలమ్స్, అంటే ఫైలు పేరు పక్కన నింపుకునే గళ్లు అవుతాయి. ఫోల్డర్లు మాత్రం పైన నాలుగే: కొనుగోలు, ల్యాబ్, డిస్పాచ్, అకౌంట్స్. వాటి కింద సీజన్, అంతే. జిల్లా మారితే గ్రిడ్ వ్యూలో (ఎక్సెల్ షీట్ లాగా గళ్లు కనబడే తెరలో) ఆ గడి మార్చుకుంటే సరిపోతుంది, ఫైలు ఉన్న చోటు నుంచి కదలదు.

ఇందులో ఒక జాగ్రత్త ఉంది. ఒకేసారి 5,000 కంటే ఎక్కువ ఫైళ్ల మధ్య ఫిల్టర్ వేస్తే వ్యూ మొరాయిస్తుంది. వెతికే కాలమ్‌కు ఇండెక్స్ (త్వరగా వెతకడానికి కంప్యూటర్ ఉంచుకునే పట్టిక) ముందే పెట్టి ఉంటే ఆ బాధ ఉండదు. లైబ్రరీ 20 వేలు దాటాక మనం కొత్తగా ఇండెక్స్ పెట్టలేం. మేము 16 వేల దగ్గర ఉన్నాం. ఇంకో రెండు సీజన్లు ఆగి ఉంటే చేయి దాటిపోయేది. సీజన్, ఊరు, టోకెన్ నంబరు, ఈ మూడింటికీ ఈ రోజే ఇండెక్స్ పెట్టేశాను.

జనవరి 12, సోమవారం

ఈ రోజుది రాయడం కష్టంగా ఉంది, కానీ రాయాలి.

అకౌంట్స్ కింద రైతుల బ్యాంకు ఖాతాల షీట్ ఒకటి ఉంది. ఆ ఫోల్డర్‌ను తెరవగలిగేది ముగ్గురే. కొత్త అమరికలో ఎలా ఉంటుందో చూద్దామని ఆ షీట్‌ను 'కొనుగోలు' ఫోల్డర్‌లోకి జరిపాను. కాసేపటికి ల్యాబ్ అబ్బాయి వచ్చి, "అక్కా, ఏందో బ్యాంకు నంబర్ల ఫైలు నాకు కనపడతా ఉంది. పొరపాటున తెరిచినా, వెంటనే మూసేసినా" అన్నాడు.

గుండె ఆగినంత పనైంది. ఆ షీట్‌కు తనదంటూ వేరే పర్మిషన్ లేదు. పాత ఫోల్డర్‌కు ఉన్న కట్టుబాటే దానికీ వర్తించింది. కొత్త ఫోల్డర్‌లోకి రాగానే ఆ ఫోల్డర్ పర్మిషన్ తీసుకుంది, ఆ ఫోల్డర్ అందరికీ తెరిచి ఉన్నది. ఫైలు మీద నేరుగా పెట్టిన పర్మిషన్ అయితే లైబ్రరీ లోపల ఫైలుతో పాటే వస్తుంది, ఫోల్డర్ నుంచి సంక్రమించినది రాదు. చదివిన విషయమే. చదివి కూడా అసలు ఫైలుతో ప్రయోగం చేశాను.

పదకొండు నిమిషాలు అది బయట ఉంది. వెనక్కి జరిపి, మేనేజర్ సారు దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత ఇద్దరం కూర్చొని ఆ ఫైలును ఎవరు తెరిచారో చూశాం. ఆ అబ్బాయి ఒక్కడే. వచ్చి చెప్పినందుకు అతన్ని సారు భుజం తట్టారు.

బ్యాంకు వివరాలు, ఆధార్ కాపీలు ఇక ఈ లైబ్రరీలోనే ఉండవు. వాటికి వేరే లైబ్రరీ, దానికి వేరే పర్మిషన్. అక్కడ కూడా అవే కాలమ్స్ ముందుగా పెట్టాకే 'మూవ్ టు' చేస్తాను, లేకపోతే నింపిన విలువలు నిలవవు. లైబ్రరీ ఖాళీగా ఉండగానే పర్మిషన్ సరిచేసి, ల్యాబ్ అబ్బాయి లాగిన్‌తో తెరవబోయి, తెరుచుకోలేదని కళ్లారా చూశాను. ఫైళ్లు ఆ తరువాతే.

జనవరి 13, మంగళవారం

రేపు భోగి. మూడు రోజులు ఫ్యాక్టరీ సెలవు. గ్రూపులో మెసేజ్ పెట్టాను: పోయేముందు అందరూ ఎక్సెల్ ఫైళ్లు మూసేయండి, చెక్ అవుట్ చేసినవి (ఇంకొకరు మార్చకుండా మీ పేరు మీద పట్టుకున్నవి) చెక్ ఇన్ చేసి వదిలేయండి. ఎవరైనా పట్టుకొని ఉన్న ఫైలు కదలదు, లాక్‌లో ఉందని చెప్పి అక్కడే నిలబడిపోతుంది.

జనవరి 17, శనివారం

కనుమ నాడు రంగంపేట పశువుల పండగకు పోయినవాళ్లు ఇంకా రాలేదు, ఆఫీసు నిశ్శబ్దంగా ఉంది. ఉదయం 8కి మొదలుపెట్టాను. ఒక్కో సీజన్ విడిగా జరిపాను. ముందు సంఖ్య రాసుకోవడం, జరపడం, తరువాత మళ్లీ లెక్కపెట్టడం. ఒకటి పూర్తయి లెక్క సరిపోయాకే ఇంకోటి. ఎక్కువ ఒకేసారి ఎంచుకుంటే ఏది ఆగిందో కనిపెట్టడం కష్టం.

2022 సీజన్‌లో లెక్క మూడు తగ్గింది. టెన్షన్ పడ్డాను. చూస్తే ఒకే పేరున్న ఫైళ్లు రెండు ఫోల్డర్ల నుంచి ఒకచోటికి వస్తున్నాయి: 'జూన్ స్లిప్పులు'. పాత మండలం ఫోల్డర్ లోపల ఉన్నప్పుడు ఆ పేరుకు అర్థం ఉంది, ఇప్పుడు లేదు. ఆ మూడూ పాత చోటే ఆగి నన్ను అడుగుతున్నాయి. రీప్లేస్ నొక్కలేదు. మూడింటికీ పేరు ముందు ఊరు చేర్చి జరిపాను. ఫోల్డర్ తీసేసే ముందు ఫోల్డర్ చెప్పే మాటను ఫైలు పేరులోనో కాలమ్‌లోనో చేర్చుకోవాలని ఇప్పుడు తెలిసింది. మిగిలిన సీజన్లన్నిటికీ ముందే పేర్లు మార్చుకోవడానికి మధ్యాహ్నం అంతా పట్టింది.

జనవరి 18, ఆదివారం

మిగతావి జరిపాను. లెక్కలు సరిపోయాయి. ఖాళీ అయిన పాత ఫోల్డర్లను తీసేయలేదు. ఒక్కోదాంట్లో 'న్యూ' కింద లింక్ తయారుచేసి, 'స్లిప్పులు ఇప్పుడు ఇక్కడున్నాయి' అని పేరు పెట్టి, కొత్త చోటికి కలిపాను. వేబ్రిడ్జి అన్న చుక్క నొక్కితే ఆ లింకు ఎదురవుతుంది.

జనవరి 19, సోమవారం

పొద్దున 9:15కే అకౌంట్స్ అక్క పిలిచింది. పేమెంట్ల షీట్ తెరిస్తే లింకు ఉన్న వర్క్‌బుక్కులు దొరకలేదంటోంది. అనుకున్నదే. డేటా ట్యాబ్‌లో ఎడిట్ లింక్స్ తెరిచి, ఆరింటికీ చేంజ్ సోర్స్ నొక్కి కొత్త చోటు చూపించాం. ఆరో లింకు వెళ్లేది 2020 నాటి ధరల పట్టికకు. ఇన్నేళ్లూ రవాణా ఖర్చు ఆ పాత పట్టిక నుంచే లెక్కలోకి వస్తోందని అప్పుడే బయటపడింది. అక్క తలపట్టుకుంది. అది వేరే కథ, ఆమె రాసుకుంటుంది.

నాకు తెలియకుండా తెగిపోయింది మాత్రం ఇంకోటి ఉంది. కంటైనర్ లోడింగ్ కాగితాలు ఫోల్డర్‌లో పడగానే డిస్పాచ్ వాళ్లకు మెయిల్ పంపే ఫ్లో, అంటే తనంతట నడిచే పని ఒకటి, పవర్ ఆటోమేట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉంది. అది పాత ఫోల్డర్‌నే చూస్తూ కూర్చుంది. అక్కడ ఏమీ పడటం లేదు కాబట్టి తప్పు అని కూడా చెప్పదు. మధ్యాహ్నం డిస్పాచ్ అన్న, "ఈ పొద్దు మెయిలే రాలేదు, లోడు లేదా?" అని అడిగితే గానీ తెలియలేదు. లోడు ఉంది, డ్రైవరు గేటు దగ్గర రెండు గంటలుగా ఉన్నాడు. నా నాలుగు గళ్లలో మనుషులను రాసుకున్నాను గానీ, మనిషి లేకుండా ఆ ఫోల్డర్‌ను చూసే ఫ్లోను రాసుకోలేదు. ఐదో గడి గీశాను. డ్రైవరుకు టీ, టిఫిన్ తెప్పించి క్షమాపణ చెప్పి వచ్చాను.

మేనేజర్ సారు వాట్సాప్ లింకుల్లో సగం పని చేశాయి, సగం లేదు. 'కాపీ లింక్'తో పంపినవి ఫైలు కదిలినా దాన్ని పట్టుకున్నాయి. బ్రౌజర్ పైనున్న అడ్రసును ఎత్తి పంపినవి తెగిపోయాయి. ఇక మీదట ఎవరు ఎవరికి పంపినా కాపీ లింక్ నొక్కే పంపాలని గ్రూపులో పెట్టాను.

జనవరి 20, మంగళవారం

ఒకేలా ఉన్న నకళ్లు తీసేశాను. రీసైకిల్ బిన్‌లో 93 రోజులు ఉంటాయి, అంటే ఏప్రిల్ 23 దాకా. సీజన్ మొదలయ్యేలోపు ఏదైనా లోటు తేలితే వెనక్కి తెచ్చుకోవచ్చు.

జనవరి 23, శుక్రవారం

వేబ్రిడ్జి అన్న పాత చుక్క తీసేసి కొత్తది తనే పెట్టుకున్నాడు. ఊరి పేరుతో ఫిల్టర్ వేయడం నేర్పితే, "ఇట్లయితే దావ దగ్గిరే కదా" అన్నాడు.

మధ్యాహ్నం ఫోన్. ఆ దామలచెరువు పెద్దాయనే. "మా తమ్ముడిది కూడా ఒకటి చూస్తావామ్మా? నేను రావల్లనా?" అన్నాడు. రావద్దు, లైన్లోనే ఉండు అన్నాను. సీజన్ 2025, ఊరు, టోకెన్ నంబరు. ఆయన నంబరు ఒక్కో అంకె చెబుతుండగానే స్లిప్పు తెర మీదికి వచ్చింది. లోడుతో ట్రాక్టరు 7,360, ఖాళీది 3,420, కాయ 3,940 కిలోలు. ప్రభుత్వం వాటా కిలోకు 4 చొప్పున 15,760 రూపాయలు.

"ఉండమ్మా, పెన్ను తెచ్చుకుంటా. మళ్లీ మెల్లిగా చెప్పు" అన్నాడు. రెండుసార్లు చదివాను. స్లిప్పు ఫోటో ఆయన మనవడి ఫోన్‌కు పంపాను.

2018, 2019 స్లిప్పులు ఇంకా మూడు అట్టపెట్టెల్లో ఉన్నాయి. వాటిని స్కాన్ చేసి టోకెన్ నంబర్లు ఎక్కించాలి. సోమవారం ల్యాబ్ అబ్బాయి సాయం వస్తానన్నాడు.